జిప్పోరా వదినె చాయ్

నాంపల్లి స్టేషను వెనక సందులో ఎండాకాలం మధ్యాహ్నాలు నిమ్మళంగా ఉండేవి. యూనీస్‌కు ఆ వేళ చాయ్ తాగడమే సుఖం. ఇప్పుడు ఆ వేళంటేనే భయం.

ఆడపడుచు జిప్పోరా పోయి నెల కాలేదు. చెవిలో ఎవరో మాట్లాడుతున్నారని ఏళ్ల తరబడి మాత్రలు మింగిన మనిషి. ఆ మాత్రల వల్లే చివరికి ఆమె నోరు ఊరికే నమలడం మొదలుపెట్టింది. చర్చిలో పిల్లలు వెక్కిరించేవాళ్లు. ఆబిడ్స్‌లో డాక్టరు పాత మాత్ర మెల్లగా తగ్గిస్తూ కొత్తది రాశాడు. మొదట్లో నమలడం ఎక్కువైనా కంగారుపడి పాతది పెంచొద్దని మరీ మరీ చెప్పాడు.

ఎక్కువైంది. పైగా క్రిస్మస్‌కు చుట్టాలొస్తున్నారు. యూనీస్‌కు తల కొట్టేసినట్టయింది. పాత మాత్రను కాగితంలో చుట్టి, అప్పడాల కర్రతో నలిపి, చాటుగా చాయ్‌లో కలిపింది. నోరు ఆగింది. ఇంకేం, పండుగ పోయినా రోజూ కలిపింది.

"చాయ్ చేదున్నది, యూనీసూ," అనేది జిప్పోరా. అయినా తాగేది.

వేసవికి ఆ కదలిక రెట్టింపై తిరిగొచ్చింది, గొంతులోకి దిగింది. ఓ రోజు చాయ్‌లో ముంచిన రస్కు అడ్డంపడి ప్రాణం పోయింది.

కొత్త మాత్రతో డాక్టరే చంపాడని యూనీస్ భర్త దేవప్రసాద్ నమ్మాడు. ఇవాళ మనుషులను వెంటేసుకుని క్లినిక్ మీదికి పోయాడు. ఒక్క మాట చెప్తే ఆగేవాడు. పాపిష్టిదాన్ని అని తనను తాను తిట్టుకుంటూనే యూనీస్ అతన్ని గుమ్మం దాకా సాగనంపింది.

లోపలికొచ్చి చాయ్ ఒక గుక్క తాగింది. చేదు.

పారబోసి మళ్లీ పెట్టింది. పాలు తాజావే, చక్కెర కూడా ఎక్కువే వేసింది. మళ్లీ చేదు... గ్లాసు అడుగున తెల్లటి పొడి. మిగిలిన మాత్రలు ఆమె ఎప్పుడో మోరీలో పారేసింది.

చప్... చప్... చప్...

ఎవరో నములుతున్నారు. జిప్పోరా గది తలుపు తీసి చూసింది. ఖాళీ మంచం. ముందుగదిలోకి పరుగెత్తింది. చప్పుడు వెంటే వచ్చింది.

దేవప్రసాద్ చెమటలు కక్కుతూ వచ్చాడు. క్లినిక్ మూయించామన్నాడు, డాక్టరు తల పగిలిందన్నాడు. ఇక చెప్పేయాలి. యూనీస్ నోరు తెరిచింది.

"నేనే..."

నాలుక తిరగలేదు. దవడ తనంతట తాను ఆడుతోంది. రెండు చేతులతో పట్టుకున్నా ఆగలేదు.

"ఏం నములుతున్నవ్?" అన్నాడతను.

అంతలో అతనూ ఆగి, చెవి రిక్కించాడు.

"వంటింట్ల ఎవరున్నరు?"

లోపల అప్పడాల కర్ర కింద ఏదో మెల్లగా చిట్లుతోంది.