తొంభై రోజుల సగటు

సువర్చల గొంతు పెంచగానే గోడమీది పోటుదీపం పసుపురంగుకి తిరిగింది. ఆమె భర్త దివాకరం చెప్పబోతున్న మాట మింగేసి, "సర్లే, నువ్వన్నట్టే చేద్దాం," అంటూ కాఫీ గ్లాసుతో వంటింట్లోకి వెళ్లిపోయాడు.

విశాఖలో ఆ దీపం లేని ఇల్లు ఇప్పుడు లేదు. మణికట్టు చర్మం కింద అమర్చిన నాడీరేఖ నిమిషనిమిషానికీ రక్తపోటు కొలుస్తుంది. దీపం దాన్ని రంగుగా చూపిస్తుంది: మామూలుగా ఉంటే ఆకుపచ్చ, పెరిగితే పసుపు, మరీ పెరిగితే ఎరుపు. అయినవాళ్లు ఫోన్ చేసేముందూ, మాట్లాడేటప్పుడూ వాళ్ల తెరమీదా ఆ రంగే కనిపిస్తుంది. దీపాలు వచ్చాక పక్షవాతాలు సగానికి తగ్గాయి. ఇళ్లలో కేకలూ తగ్గాయి.

సువర్చలకి యాభై రెండేళ్లు. సముద్రపు నీటిని మంచినీళ్లుగా మార్చే కర్మాగారంలో షిఫ్టు ఇన్‌చార్జి. ముట్లుడిగి ఏడాది దాటింది. మీటింగు మధ్యలో ఒంట్లోంచి సెగ తన్నుకొచ్చి జాకెట్టు తడిసిపోయేది. నిద్ర సరిగా ఉండేది కాదు. ఓరోజు ఆ మత్తులో తప్పు వాల్వు తిప్పబోయి, ఆఖరి క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ సాయంత్రమే డాక్టర్ నసీమా దగ్గరికి వెళ్లింది.

"హార్మోన్లు ఇవ్వొచ్చమ్మా. బీపీ ఉన్నంత మాత్రాన వద్దనను," అంది నసీమా. "కానీ ఇప్పుడు మీకున్న నూట యాభై ఎనిమిది మీద మొదలుపెట్టను. ముందు దాన్ని దారికి తెద్దాం. మీకు మాత్రల కంటే చర్మానికి అంటించే పట్టీ మేలు. రక్తం గడ్డకట్టే భయం తక్కువ. గర్భసంచికి రక్షణగా ఇంకో మందు తోడుగా ఇస్తాను. తొంభై రోజుల సగటు నూట ముప్ఫైలోపు చూపించండి."

"తొంభై రోజులు ఈ సెగలతోనా డాక్టరుగారూ?"

"కష్టమే. తెలుసు."

పొద్దున్నే బీపీ మాత్ర వేసుకునేది. ఆవకాయ, ఎండుచేపలు మానేసింది. బీచి రోడ్డులో గంటసేపు నడిచేది. దివాకరం వాదించడం పూర్తిగా మానేశాడు. మధురవాడలో అత్తారింట్లో ఉంటున్న కూతురు మేఖల రోజూ ఫోన్ చేసి, "అంతా బాగుందమ్మా," అని పెట్టేసేది. అందరూ ఎంత బాగా సహకరిస్తున్నారో అనుకుంది సువర్చల.

సగటు నూట ఇరవై ఆరు వచ్చింది. పట్టీ అంటించిన మూడు వారాలకి సెగలు తగ్గాయి, నిద్ర పట్టింది.

ఆ ఆదివారం మేఖల వచ్చింది. భోజనాలయ్యాక గోడవైపు చూసి, తండ్రివైపు చూసింది. ఆయన తలూపాడు.

"అమ్మా, కంగారుపడకు. రెండు నెలల కిందట నాకు గర్భం పోయింది. పదకొండో వారంలో."

సువర్చల కుర్చీ కూతురి దగ్గరికి జరుపుకుంది. "నువ్వు నెల తప్పావనే నాకు తెలీదు కదే."

"చెబ్దామని రెండుసార్లు ఫోన్ తీశాను. ఓసారి పసుపుంది. ఇంకోసారి ఆకుపచ్చగా ఉంది, చెడగొట్టడమెందుకులే అనిపించింది."

దీపం ఎర్రబడింది. దివాకరం గబుక్కున లేచాడు.

"కూర్చోండి," అంది సువర్చల. "మీకు తెలుసన్నమాట."

ఆయన తల దించుకున్నాడు.

నొప్పి ఎప్పుడొచ్చింది, ఏ ఆస్పత్రి, పక్కన ఎవరున్నారు అని ఒక్కొక్కటే అడిగింది. మేఖల దరఖాస్తు నింపుతున్నట్టు పొడిపొడిగా చెప్పింది. సువర్చల కూతుర్ని దగ్గరికి తీసుకుని, ఏడుస్తుందేమోనని చూసింది.

"ఇప్పుడు బాగానే ఉన్నానమ్మా. ఏడ్చేదంతా అత్తయ్య దగ్గర ఏడ్చేశాను."

మర్నాడు నసీమాకి జరిగింది చెబితే, ఆమె రాస్తున్న చీటీ పక్కన పెట్టింది. "బాధొస్తే బీపీ పెరుగుతుందమ్మా, మళ్లీ దిగుతుంది. అందుకేగా సగటు అడిగింది. మీకు ఏదీ చెప్పొద్దని నేనెవరికీ అనలేదే."

సువర్చల బయటికొచ్చి, బల్లమీద కూర్చుని వియ్యపురాలు కాంతిమతికి ఫోన్ చేసింది. కృతజ్ఞతలు చెబుదామనుకుంది. నోటికి వేరే మాట వచ్చింది.

"వదినగారూ, ఆ రోజు మా పిల్ల ఎలా ఉందండీ? మొదట్నుంచీ చెప్పండి, ఏదీ దాచకండి."

"ఒక్క క్షణమండీ..." అంది అవతలి గొంతు. కాంతిమతి తన తెరమీద రంగు చూసుకుంటోందని సువర్చలకి అర్థమైంది.

"అది చూడకండి వదినగారూ. చెప్పండి."

"ఆ రోజు మంగళవారమండీ," అని మొదలుపెట్టింది కాంతిమతి. "పిల్ల పొద్దుట్నుంచీ అమ్మ, అమ్మ అంటూనే ఉంది..."