టవలు కింద ఇంగ్లీషు

పరీక్షలో సున్నా ఎవరైనా తెచ్చుకుంటారు. సున్నాకి కిందికి దిగాలంటే ప్రతిభ ఉండాలి. రెండువేల ఏడులో, చిక్కబళ్లాపురం కోచింగ్ సెంటర్లో బ్యాంకు క్లర్కు పరీక్షకి పెట్టిన మొదటి మాక్ టెస్టులో, ఇంగ్లీషు గ్రామరు, వొకాబులరీ కలిపి నాకు మైనస్ మూడు వచ్చింది. తప్పు జవాబుకి పావు మార్కు కోత. నేను ధారాళంగా తప్పులు పెట్టాను.

పేపర్లు పంచమని సారు ముందు బెంచీ అమ్మాయికి ఇచ్చాడు. ఆమె నా పేపరు చూసి, నన్ను చూసి, మళ్లీ పేపరు చూసింది.

“నాగేశ్ అంటే నువ్వేనా? సారుకే మూడు మార్కులు బాకీ పడినావు కదప్పా!”

క్లాసంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు లెక్కల పేపర్లు పంచే పని నేనే అడిగి తీసుకున్నాను. లెక్కల్లో క్లాసుకి ఫస్టు నేనే. ఆమె పేరు అంబిక అనీ, యాభైకి తొమ్మిది వచ్చాయనీ అప్పుడే తెలిసింది.

“ఏం తల్లీ, తొమ్మిదేనా? వేళ్లు పెట్టి లెక్కేసినా ఇంకొకటి ఎక్కువొచ్చేది కదా!”

ఆమె మొహం కందిపోయింది. సాయంత్రం చింతామణి బస్సులో వచ్చి సరిగ్గా నా ముందు నిలబడింది. ఆమెదీ మా ఊరేనట.

“లెక్కలు యాడ నేర్చుకున్నావు?”

“ఎద్దుల సంతలో. మా నాయన దళారి.”

“నాకు లెక్కలు చెప్పు. నీకు ఇంగ్లీషు చెప్తా. ఒప్పుకుంటే జరుగు, కూర్చోవాల.”

నేను కిటికీ దాకా జరిగాను.

ఆదివారాలు వాళ్ల ఇంటి ముందరి అంగట్లో చదువుకునేవాళ్లం. రాగులు, పశువులకి పెట్టే చెనక్కాయ పిండి అమ్మే అంగడి అది. అమ్మానాన్నలు టమాటా తోటకి వెళితే, వాళ్ల అవ్వ మునిరత్నమ్మ మాకు కాపలా. కాపలా అంటే, మంచమ్మీద పడుకుని కళ్లు మూసుకునేది. ఆ ఇంట్లో మాత్రం ఆమె మాటే మాట.

అంబికకి లెక్కలు తొందరగా వచ్చేశాయి. నాకు ఇంగ్లీషు రాలేదు. అంబిక పక్కన కూర్చుంటే నాకు ప్రిపొజిషన్లు కాదుగదా, మా ఇంటి దారి కూడా గుర్తుండేది కాదు. ఆమె ఖాయంగా పాసవుతుంది, ఏ రాయచూరుకో కార్వారుకో పోస్టింగ్ మీద వెళ్లిపోతుంది. నేనేమో ఇక్కడ సంతలో ఎద్దుల నోరు తెరిచి పళ్లు లెక్కపెట్టుకుంటూ ఉంటాను. ఇది తలుచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు అంబిక నా ప్రాక్టీసు పేపర్లన్నీ ముందేసుకుంది.

“నీకు ఇంగ్లీషు రాక కాదు. ఫస్ట్ పెట్టేది కరెక్టే పెడతాండావు. మళ్లీ రబ్బరు తీసుకోని చెడగొడతాండావు. ఎందుకు?”

“భయమైతాది.”

“ఎద్దుల బేరంలో కూడా ఇట్లే మారుస్తావా?”

“అయ్యో! టవలు కింద వేలు పట్టినాక మార్చేదుంటాదా? మారిస్తే సంతలో ఒక్కడూ మొగం చూడడు.”

మా సంతలో ధర నోటితో చెప్పరు. ఇద్దరూ చేతుల మీద టవలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని బేరమాడతారు. పట్టి నొక్కారంటే మాట ఇచ్చేసినట్టే.

అంతా విని అంబిక నా భుజం మీది టవలు లాగి మా చేతుల మీద వేసింది.

“అయితే పట్టు. ఎ కి ఒక వేలు, బి కి రెండు, సి కి మూడు, డి కి నాలుగు. నొక్కినాక మార్చేది లేదు.”

మొదటి ప్రశ్న రెండుసార్లు చదివించుకున్నాను. దానికి ఇంగ్లీషు కారణం కాదు.

విచిత్రం, మార్కులు పెరిగాయి! టవలు కింద నాలో మా నాయన పూనేవాడు. ఒక్కసారి చూడటం, పట్టడం, నొక్కడం, అంతే. నేను ఎప్పుడు రబ్బరు వెతుక్కోవడం మానేశానో నాకే తెలియదు.

పరీక్షకి ముందు ఆదివారం కుండపోతగా వాన. రాగుల మూటలు లోపలికి లాగి, తడిసిన చేతులు తుడుచుకుని కూర్చున్నాం. అంబిక పుస్తకం మూసేసింది.

“ఇది పుస్తకంలో లేదు. ఫిల్ ఇన్ ద బ్లాంక్. నాగేశ్ విల్ డ్యాష్ అంబిక. ఎ, ఫర్గెట్. బి, అవాయిడ్. సి, టీజ్. డి, మ్యారీ.”

వాన చప్పుడులో నేను సరిగా విన్నానో లేదో అనుకున్నాను. విన్నాను. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

“నెగెటివ్ మార్కులుండాయా?”

“ఉండాయి. తప్పు పెడితే మళ్లీ ఈ అంగట్లో అడుగు పెట్టేది లేదు.”

టవలు కింద ఆమె నాలుగు వేళ్లూ కలిపి పట్టుకున్నాను. గట్టిగా నొక్కాను. ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఒరే! ఏం బేరంరా అది?”

గుమ్మంలో మా నాయన వెంకటరాయప్ప! ఎద్దులకి చెనక్కాయ పిండి కోసం వచ్చినట్టున్నాడు, గొడుగులోంచి నీళ్లు కారుతున్నాయి.

ఇంకో తండ్రయితే ఆడపిల్ల చెయ్యి పట్టుకున్నానని కర్ర అందుకునేవాడు. మా నాయనకి టవలు కనిపిస్తే ఎద్దులు తప్ప లోకం కనిపించదు.

“నాకు తెలీకుండా నా జతను అమ్మేస్తాండావా?” టవలు కొస ఎత్తి చూశాడు. “నాలుగా! నలభై వేలకా! అరవై పలికే జతరా అది! అమ్మా, ఈ బేరం చెల్లదు. వీడికి ఎద్దుల సంగతి ఏమీ తెల్దు!”

అంబిక బిగుసుకుపోయింది. అవునన్నానంటే గండం గడిచేది. నాయన బేరం రద్దు చేసి నన్ను ఇంటికి లాక్కుపోయేవాడు. కానీ దానికి నేను పట్టిన చెయ్యి వదలాలి. మనసు రాలేదు.

“ఎద్దులు కాదు నాయనా. నన్నే ఇచ్చేసినా. ఈ అంబికకి. పెండ్లికి.”

నాయన నోరు తెరిచాడు.

మాట మంచమ్మీదనుంచి వచ్చింది.

“చెల్లుతాది వెంకటరాయప్పా. నేను సాక్షి.” అవ్వ లేచి కూర్చుంది. “ఇన్నాళ్లూ కండ్లు మూసుకోనే చూస్తాండా. వరస కుదురుతాదా లేదా అని కైవారంలో మీ చిన్నమ్మను కూడా అడిగి పెట్టినా. కుదురుతాది.”

నాయన రాగుల మూట మీద కూలబడ్డాడు. ఆయన కష్టం నాకు అర్థమైంది. కొడుకు టవలు కింద ఇచ్చిన మాట తండ్రే తప్పిస్తే, రేపు సంతలో తలెత్తుకునేదెట్లా? చివరికి అంబిక వైపు తిరిగాడు.

“అమ్మా, వీడు ఇంగ్లీషు పాసైతాడా?”

“అయ్యేటట్టే ఉండాడు.”

“కాకపోతే?”

“కాకపోతే మళ్లీ చదివిస్తా. మీ సంతలో వాపసు లేదంట కదా, మామా.”

నేను పాసయ్యాను, రెండంటే రెండు మార్కులతో గట్టెక్కాను, అది తర్వాతి సంగతి. ఆ క్షణాన మా నాయనకి పరీక్ష గుర్తే లేదు. ఆడపిల్లలు లేని మా ఇంట్లో ఆయన్ని అంత మెత్తగా పిలిచినవాళ్లు ఎవరూ లేరు. గొడుగు అవసరం లేకుండా రెండుసార్లు దులిపాడు.

తర్వాత లేచి వచ్చి, జారిపోయిన టవలు తీసి మా చేతుల మీద తనే కప్పాడు.

“ఏంరా నా మొగం చూస్తావు? పరీక్ష దగ్గరికొచ్చింది. కానీండి.”