కుర్చీకి ఎసరు పెట్టినవాడు

“ఇతనికి పని నేర్పమ్మా,” అన్నాడు మేనేజర్, ఆమె మొహం తప్ప ఎయిర్‌పోర్టులో ఉన్నవన్నీ చూస్తూ.

“నేర్పాక నేనేం చెయ్యాలి సార్?”

మేనేజర్ ఫోన్ చెవికి పెట్టుకుని నడిచి వెళ్ళిపోయాడు. అది మోగనే లేదు.

చెక్-ఇన్ కౌంటర్ దగ్గర కొత్తబ్బాయి మిగిలాడు. బయటి వానంతా అతని చొక్కా మీదే ఉంది. మెడలో కాంట్రాక్టు కంపెనీ కార్డు. ఆ కార్డువాళ్ళు కౌంటర్‌కొకరు దిగుతున్నారు. పని నేర్చుకుని పరీక్ష పాసైతే, నేర్పినవాళ్ళు ఇంటికి.

“నమస్తే మేడం.”

“కుర్చీ కొలతలు తీసుకోవడానికొచ్చారా? తీసుకోండి. ఎడమ చక్రం మొరాయిస్తుంది.”

అతను నిజంగానే వంగి చక్రం చూశాడు. వెటకారం కూడా అర్థంకాని మనిషి చేతిలో ఉద్యోగం పోవడం మరీ అవమానంగా అనిపించింది ఆమెకి.

కౌంటర్ కంప్యూటర్‌లో టికెట్ల సాఫ్ట్‌వేర్ రాసినవాళ్ళు ఈపాటికి మనవల్ని ఆడిస్తూ ఉంటారు. మౌస్ పనిచెయ్యదు. కమాండ్లన్నీ కంఠతా రావాలి. అతనికి ఒక్కటీ రాలేదు.

“ఏం చేశారో చూడండి. పెళ్ళికూతుర్ని ఒక ఊరికీ, ఆవిడ పెట్టెను ఇంకో ఊరికీ పంపారు.”

“పెట్టె క్షేమంగా చేరుతుందా మేడం?”

ఆమెకి నవ్వొచ్చింది. వచ్చినందుకు కోపమూ వచ్చింది.

పరీక్ష పెట్టేదీ, పాసయ్యాడని సంతకం పెట్టేదీ నేర్పినవాళ్ళే. అతను ఒకసారి తప్పాడు. రెండోసారీ తప్పాడు. ఇంకొక్కసారి తప్పితే కాంట్రాక్టు కంపెనీ అతన్ని తీసేస్తుంది.

పక్క కౌంటర్ అక్క యూనియన్ మనిషి. రోజూ అదే పాట.

“సంతకం పెట్టవే. సగంమంది చేరితే కంపెనీ మనతో కూర్చుని మాట్లాడక తప్పదు.”

“చూద్దాంలే అక్కా.”

“ఎప్పుడు చూస్తావ్? గేటు బయట నిలబడ్డాకా?”

ఆమె తలొంచుకుంది. కంపెనీ కంట్లో పడొద్దని ఇంట్లో అమ్మ గోల. పైగా ఈ మొద్దబ్బాయి పాసయ్యేదాకా తన కుర్చీకి ఢోకా లేదు. ఇంకొకడొచ్చేదాకా మరికొన్నాళ్ళు. ఆ లెక్క ఆమెకే సిగ్గుగా ఉండేది. అయినా వేసుకునేది.

మూడో పరీక్షకి ముందురోజు వాన ఆగలేదు. విమానాలన్నీ రద్దు. కౌంటర్ మీద జనం విరుచుకుపడ్డారు. ఒక పెద్దాయన కౌంటర్ అంచు పట్టుకుని, “మా అమ్మాయికి ఆపరేషనమ్మా, ఎలాగైనా పంపించు,” అంటున్నాడు. ఆమె ముందు అప్పటికే ముగ్గురు అరుస్తున్నారు.

అక్క గేటు దగ్గరికి వెళ్ళడంతో పక్క కుర్చీ ఖాళీగా ఉంది. కొత్తబ్బాయి అందులో కూర్చున్నాడు. వేళ్ళు కీబోర్డు మీద వానకంటే వేగంగా పడ్డాయి. వేరే ఎయిర్‌లైన్‌లో, వేరే దారిలో సీటు వెతికి, కాగితం పెద్దాయన చేతిలో పెట్టాడు. ఆ కమాండ్ ఆమె అతనికి నేర్పనే లేదు.

జనం పలచబడ్డాక, సామాను బెల్టు వెనక నిలదీసింది.

“ఎన్నాళ్ళ నుంచి వచ్చు?”

“మొదట్నుంచీ. నేను ఇంతకుముందు వేరేచోట ఇదే పని చేశా.”

“మరెందుకు మానేశారు?”

“నాలాంటోడొకడికి నేర్పించా కదా. వాడు చాలా చురుకు. మొదటిసారే పాసైపోయాడు.”

బెల్టు ఖాళీగా తిరుగుతోంది.

“అంటే నాకోసం కావాలని... అడిగానా మిమ్మల్ని? మీరు తప్పిన ప్రతిసారీ నాకు నేర్పడం చేతకావట్లేదని ఇంటికెళ్ళి ఏడ్చాను తెలుసా!”

“అయ్యో. అది ఆలోచించలేదు.”

“ఏం ఆలోచించారు మరి?”

“మీరు నవ్వితే బావుంటారని. ఇంకొన్నాళ్ళు నవ్వుతారని.”

ఆమె చూపు బెల్టు మీదికి తిప్పుకుంది. “రేపు మిమ్మల్ని తీసేస్తారు. ఎల్లుండి ఇంకొకడొస్తాడు. వాడు పాసవుతాడు. అప్పుడు?”

దానికి జవాబు అక్క దగ్గరుంది. ఇన్నాళ్ళూ రోజూ చెబుతూనే ఉంది.

ఆ సాయంత్రమే ఆమె యూనియన్ కాగితం మీద సంతకం పెట్టి, “ఇతన్నీ చేర్చుకో అక్కా,” అంది.

“కాంట్రాక్టోణ్ణా? మన పొట్ట కొట్టడానికొచ్చినోణ్ణా?”

“మన పొట్ట కొట్టలేక తన పొట్ట కొట్టుకుంటున్నాడక్కా!”

అక్క అతన్ని ఎగాదిగా చూసింది. “వీడొక్కడూ చేరితే ఏం లాభం? వాళ్ళ జట్టంతా రావాలి.”

మర్నాడు పరీక్షలో అతను మళ్ళీ అన్నీ తప్పు కొట్టాడు. ఆమె తాపీగా ‘పాస్’ అని రాసి సంతకం పెట్టింది.

“పిచ్చా మీకు? మీ కుర్చీ పోతుంది!”

“మీరు లోపలుంటేనే మీవాళ్ళతో మాట్లాడగలరు. బయట నా సంగతి నేను చూసుకుంటా.” నవ్వబోయింది, కుదరలేదు. “నమ్మి ఇస్తున్నా. పెట్టెలాగా వేరే ఊరికి పంపకండి.”

సోమవారం ఆమెనీ, అక్కనీ, ఇంకా చాలామందినీ రావద్దన్నారు. అద్దాల గోడ బయట, రేకు పందిరి కింద బల్లల మీద ధర్నాకి కూర్చున్నారు. అక్క చెప్పిన ప్రకారం, షిఫ్టు మొదలయ్యేలోపు కాంట్రాక్టువాళ్ళు పని మానేసి బయటికి రావాలి. అతను అందరితో మాట్లాడాడు. అందరూ తలాడించారు.

తలుపు తెరుచుకుంది. అతనొక్కడే వచ్చాడు.

“మిగతావాళ్ళు?” అడిగింది అక్క.

“భయపడ్డారక్కా. వాళ్ళ తప్పు కాదు. నాకూ భయమే.”

“మరెందుకొచ్చావ్? ఉద్యోగం పోతుంది కదా,” అంది ఆమె. ఎప్పుడు ‘నువ్వు’లోకి దిగిందో తనకే తెలీదు.

“లోపల కూర్చున్నా. తెరలో నీ పేరుతోనే లాగినై ఉంది. ఇంకా తీసెయ్యలేదు. నా పేరు కొట్టడానికి చేతులు రాలేదు.”

“పెళ్ళిచూపులకి ఇంతకంటే మంచి మాటలు దొరకలేదా?”

“ఉద్యోగం లేనోణ్ణి. ఏ మొహం పెట్టుకుని అడగను?”

“నాకు మాత్రం ఉందా?”

ఎవరూ నవ్వలేదు. అద్దం అవతల మేనేజర్ ఇంకెవరినో ఆమె కుర్చీలో కూర్చోబెడుతున్నాడు. వాన రేకు మీద దడదడలాడుతోంది. యూనియన్‌కి సగంమంది ఇంకా కాలేదు. కంపెనీ నుంచి పిలుపు రాలేదు.

అక్క బల్ల మీద తడిని కొంగుతో తుడిచింది.

“జరగండర్రా. మనబ్బాయికి చోటివ్వండి.”

అందరూ ఒద్దికగా జరిగారు. అతను ఆమె పక్కన కూర్చున్నాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అది చల్లగా ఉంది. వానకో, భయానికో అడగలేదు. ఆమె చెయ్యీ అంతే చల్లగా ఉంది.