పసుపు గౌను ఇంకా కొత్తదే

"సాయీ! ఓ సాయీ! జల్దీ కిందికి రా!"

గేటు దగ్గర నిలబడి ప్రణీత గొంతు చించుకుంటోంది. మూడో అంతస్తు బాల్కనీలోంచి సాయిప్రియ తొంగిచూసింది. చేతిలో తడిగుడ్డ ఉంది.

"ఏంటే?"

"మా నాయిన శామీర్‌పేట చెర్వు కాడికి తీస్కపోతుండు. వానలకు చెర్వు మస్తు నిండిందంట. కారుల జాగ ఉంది. మీ అమ్మను అడుగు!"

సాయిప్రియ వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. అల్మారాలో ఉండాల్సినవన్నీ మంచం మీద పరిచి ఉన్నాయి.

"ఇప్పుడెలా వస్తానే? సర్దడం సగమే అయింది. అన్నీ బయట పెట్టేశాను, దుమ్ము పడుతుంది."

"ఎప్పుడు సూడు సర్దుడే! గా అల్మారల ఏముందే అంతగానం?"

కారు కిటికీలోంచి ప్రణీత చెల్లెలు కావ్య తల బయటపెట్టింది. "రా అక్కా! నువ్వు లేకపోతే మంచిగుండదు."

"ఇంకోసారి వస్తాలే. మీరు వెళ్లి రండి!"

కారు వెళ్లిపోయింది. సాయిప్రియ మళ్లీ గుడ్డ పిండి, అల్మారా అర తుడవడం మొదలుపెట్టింది.

సాయిప్రియ ఐదో తరగతి. వాళ్ల ఇల్లు మేడ్చల్ దగ్గర, గౌడవెల్లి దారిలో కొత్తగా కట్టిన కాలనీలో ఉంది. ప్రణీతది అదే క్లాసు. వాళ్లది గౌడవెల్లి ఊరే. కాలనీ గేటు దాటి రెండు మలుపులు తిరిగితే వాళ్ల ఇల్లు వస్తుంది.

సాయిప్రియ అల్మారాలో ఉన్నవన్నీ కొత్తవే. కొత్తవంటే నిన్నామొన్నా కొన్నవి కాదు. ఇంతవరకూ వాడనివి. పెద్ద పెట్టెలో స్కెచ్ పెన్నులు. నడిస్తే మడమ దగ్గర లైట్లు వెలిగే బూట్లు. మెరిసే స్టిక్కర్లు. ఇంకా కవరు తీయని బొమ్మల పుస్తకాలు. వాటన్నిటికీ పైన, ప్లాస్టిక్ కవరులో, పసుపు రంగు గౌను. దాని అంచంతా చిన్న చిన్న అద్దాలు. రెండో తరగతిలో ఉండగా నాన్న కొన్నారు.

"మంచి సందర్భం వస్తే వేసుకుంటా," అంది అప్పట్లో.

ఆ తర్వాత పుట్టినరోజు వచ్చింది. కేకు మరకలు పడతాయని వేసుకోలేదు. పెళ్లికి వెళ్లారు. అక్కడ జనం తొక్కేస్తారని వేసుకోలేదు. ఒకసారి కావ్య వచ్చి, ఆ గౌనును కళ్లప్పగించి చూసి అడిగింది కూడా. "అక్కా, నా బర్త్‌డేకి ఒక్కసారి ఏస్కుంట. మళ్ల ఇచ్చేస్త."

"అమ్మో! పాడైపోతుంది," అని సాయిప్రియ దాన్ని పై అరలోకి తోసేసింది. కావ్య మళ్లీ అడగలేదు.

ప్రతి ఆదివారం భోజనం కాగానే అన్నీ బయటికి తీయడం, తుడవడం, మళ్లీ సర్దడం. అంతా అయ్యేసరికి పొద్దు వాలిపోయేది. ఆడుకోవడానికి రమ్మని మొదట్లో చాలామంది పిలిచేవాళ్లు. ఇప్పుడు పిలిచేది ప్రణీత ఒక్కతే.

"సాయీ!" ఆ సాయంత్రం వంటింట్లోంచి అమ్మ కేకేసింది. "రేపు స్కూల్లో లైబ్రరీ ఓపెనింగ్ కదా. గెస్టులకి పూలు ఇచ్చేది నువ్వేగా? మంచి డ్రెస్ వేసుకురమ్మన్నారు మీ టీచర్. ఏదో ఒకటి తీసి పెట్టుకో."

సాయిప్రియ కళ్లు మెరిశాయి. ఇన్నాళ్లకు మంచి సందర్భం వచ్చింది! పసుపు గౌనును కవరులోంచి జాగ్రత్తగా తీసింది. కలరా ఉండల వాసన గుప్పున కొట్టింది. అద్దాలు మాత్రం తళతళలాడుతున్నాయి. ముఖానికి ఆనించుకుని మురిసిపోయింది. తర్వాత తలమీంచి తొడుక్కోబోయింది.

తల దూరింది. భుజాల దగ్గర ఆగిపోయింది.

కొంచెం లాగింది. కదల్లేదు. ఊపిరి బిగబట్టి గట్టిగా లాగింది.

టర్ర్‌మంది.

సాయిప్రియ కొయ్యబారిపోయింది. చేతులు రెండూ పైకి. తల గౌను లోపల. కళ్ల ముందంతా పసుపు రంగు.

"అమ్మా!"

గరిటె చేత్తోనే అమ్మ పరుగెత్తుకొచ్చింది. కూతుర్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇదేం అవతారమే!" అంటూ గరిటె పక్కన పెట్టి, మెల్లగా గౌను పైకి లాగింది. సాయిప్రియ ముఖం ఎర్రగా కంది బయటపడింది.

చంక కింద కుట్టు జానెడు విడిపోయింది. మెడ దగ్గర షాపు వాళ్ల చీటీ ఇంకా వేలాడుతోంది.

"రెండో క్లాసులో కొన్నది కదే ఇది!" అమ్మ గౌనును సాయిప్రియ భుజాలకి ఆనించి చూసింది. "నేనూ చూసుకోలేదు. ఎంత పొడుగైపోయావే!"

సాయిప్రియ గౌనును చేతుల్లోకి తీసుకుంది. వారం వారం చేత్తో పట్టుకుని చూసిన గౌను. ఎప్పుడు చిన్నదైపోయింది?

ఉన్నట్టుండి ఆమెకి ఇంకో భయం పట్టుకుంది. గబగబా బూట్ల పెట్టె తెరిచింది. కాలు పెడితే సగం కూడా దూరలేదు. బూటును చేత్తో పట్టుకుని నేలకేసి కొట్టింది. లైటు వెలగలేదు. ఇంకోసారి కొట్టింది. అడుగు నిలువునా పగిలి, పొడిలాంటిది రాలింది.

స్కెచ్ పెన్నుల పెట్టె లాగింది. ఆకుపచ్చ పెన్ను తీసి కాగితం మీద గీసింది. ఏమీ పడలేదు. ఎరుపు. ఏమీ పడలేదు. నీలం గీస్తే కాగితం మీద గీరిన చార మాత్రం మిగిలింది. ఒక్కో మూతా తీసి గీసింది. అన్నీ ఎండిపోయాయి.

"నేను ఒక్కసారి కూడా గీయలేదమ్మా! ఒక్క బొమ్మ కూడా!"

"గీయకపోయినా ఎండిపోతాయే పిచ్చిదానా," అంది అమ్మ మెల్లగా.

సాయిప్రియ మంచం మీద కూలబడింది. చుట్టూ పెట్టెలు, కవర్లు. అంతలో తుళ్లిపడి లేచింది.

"కావ్య!"

"కావ్యకేమైందే?"

సాయిప్రియ అప్పటికే గౌను పట్టుకుని మెట్లు దిగుతోంది.

ప్రణీత వాళ్లు చెరువు నుంచి వచ్చేశారు. వాకిట్లో తడిచెప్పులు చెల్లాచెదరుగా పడి ఉన్నాయి. వరండాలో ప్రణీత వాళ్ల ఇందిరమ్మ అవ్వ గోంగూర ఆకు తెంపుతోంది. ప్రణీత ఎదురొచ్చి మొదలుపెట్టింది.

"సాయీ, నువ్వు రాకపోతివి! నీళ్లు ఎంతగానం ఉన్నయో తెల్సా? ఒకాయన వలేస్తే గింత పెద్ద చాప పడ్డది. అది ఎగిరి మా నాయిన కాళ్ల మీదనే పడ్డది! నాయిన ఒక్కటే ఉరుకుడు!"

అవ్వ పక్కన కూర్చున్న కావ్య పొట్ట పట్టుకుని నవ్వింది. వరండా చివర ఫోన్ చూసుకుంటున్న వాళ్ల నాయిన నరసింహ కూడా సిగ్గుపడుతూ నవ్వాడు. సాయిప్రియకి నవ్వు రాలేదు. గౌను ముందుకు చాచింది.

"కావ్యా, ఇది నీకే. మళ్లీ ఇవ్వక్కర్లేదు. ఉంచేసుకో."

కావ్య కళ్లు ఇంతవయ్యాయి. గౌను అందుకుని ఒక్క పరుగున లోపలికి పోయింది. సాయిప్రియ గుండె కాస్త కుదుటపడింది.

కావ్య చాలాసేపటికి గాని బయటికి రాలేదు. వచ్చినప్పుడు తన పాత గౌనులోనే ఉంది. పసుపు గౌను చేతిలో ఉంది.

"పట్టలేదక్కా. చేతులే దూరలే."

"పట్టకపోవడమేంటి? నువ్వు చిన్నపిల్లవి కదా!"

అలా అంటూనే సాయిప్రియ ఆమె వైపు చూసింది. సరిగ్గా చూసింది. కావ్య తల తన చెవి దాకా వచ్చింది. ఎప్పుడు వచ్చింది ఇంత ఎత్తు? కావ్య ఇప్పుడు మూడో తరగతి. ఆ గౌను అడిగినప్పుడు ఒకటో తరగతి.

"నేను అప్పుడే అడిగిన గదా అక్కా," అంది కావ్య.

ఆ మాటలో కోపం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పిందంతే. సాయిప్రియ మాత్రం దెబ్బ తిన్నట్టు అదిరిపడింది. గౌను చిరిగినప్పుడు కూడా ఇంత కష్టంగా అనిపించలేదు. కావ్య తిట్టినా బాగుండేది. సాయిప్రియ కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి.

"అయ్యో, ఏడుస్తవేంది బిడ్డా?" అవ్వ గోంగూర పక్కకి జరిపి లేచింది. "పిల్లలన్నంక పెరగరా? గిట్ల తే. కుట్టే గదా ఊడింది, నేనేస్త. మా చిన్నకొడుకు బాలేష్ బిడ్డ జాను ఒకటో తరగతి చదువుతాంది. దానికి మంచిగ అయితది. దసరాకు అందరొస్తరు. అప్పటిదాంక పెట్టెల పెట్టి..."

"వద్దు!"

సాయిప్రియ వేసిన కేకకి అవ్వ ఉలిక్కిపడింది. ప్రణీత నోరు తెరిచింది. నరసింహ ఫోన్ మీంచి తలెత్తాడు.

"పెట్టెలో వద్దవ్వా! దసరాకి తనూ పెరిగిపోతుంది!"

అవ్వ బోసినోటితో పకపకా నవ్వింది. "నిజమే బిడ్డా! మరి ఎప్పుడిద్దాం?"

"ఇప్పుడే!"

"ఇప్పుడేనా?" అన్నాడు నరసింహ.

"ప్లీజ్ అంకుల్. వాళ్ల ఇల్లు మేడ్చల్లోనే కదా!"

సాయిప్రియ సూదిలో దారం ఎక్కించింది. అవ్వ వరండాలోనే కూర్చుని చకచకా కుట్టేసింది. నరసింహ సాయిప్రియ వాళ్ల అమ్మకి ఫోన్ చేసి చెప్పాడు. మళ్లీ కారు తీశాడు. ఈసారి ముగ్గురు పిల్లలూ ఎక్కారు.

జాను ముందుపళ్లు ఊడిన బుజ్జిపిల్ల. గౌను చూడగానే వాళ్లమ్మ చేతిలోంచి లాక్కుంది. అది ఆమెకి సరిగ్గా సరిపోయింది. అద్దాలు మెరుస్తుంటే వాకిట్లో గిరగిరా తిరిగింది. కళ్లు తిరిగి దబ్బున మట్టిలో కూలబడింది.

"అయ్యో!" అంది సాయిప్రియ. గౌను దులపడానికి చెయ్యి ముందుకెళ్లింది.

జాను పైకి చూసి బోసిగా నవ్వింది. గౌనుతోనే చేతులు తుడుచుకుని, మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. సాయిప్రియ చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆ గౌను వేసుకుని ఎవరైనా తిరగడం ఆమె మొదటిసారి చూస్తోంది.

మర్నాడు సాయిప్రియ రోజూ వేసుకునే నీలం డ్రెస్సులోనే గెస్టులకి పూలు ఇచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు.

బడి నుంచి వచ్చాక అల్మారా ఖాళీ చేసింది. ఎండిన పెన్నులు పారేసింది. ఖాళీ పెట్టెను మూసేముందు ఒకసారి ఆగింది. అయినా దాన్నీ పారేసింది. పుస్తకాల కవర్లు చింపి, కొన్ని ఆ రాత్రే చదవడం మొదలుపెట్టింది. మిగతావి కావ్యకి ఇచ్చింది.

తర్వాతి ఆదివారం తణుకు నుంచి కామేశ్వరి అమ్మమ్మ వచ్చింది. మనవరాలి కోసం గొడుగు తెచ్చింది. అటునుంచి ఇటు కనబడే గొడుగు. చుట్టూ గులాబీ రంగు కుచ్చులు.

"ఖరీదైందమ్మా. జాగ్రత్తగా దాచుకో," అంది అమ్మమ్మ.

అలవాటు కొద్దీ సాయిప్రియ అల్మారా తలుపు తీసింది. గొడుగుకి చోటు చూసింది. అరలన్నీ ఖాళీగానే ఉన్నాయి. బయట ఉరిమింది. బాల్కనీ రెయిలింగ్ మీద టపటపా చినుకులు పడ్డాయి.

సాయిప్రియ తలుపు మూసేసింది. గొడుగు కవరు పళ్లతో చింపి, మెట్ల మీద పరుగు తీసింది.

"ఏయ్! వానలోకా? కొత్త గొడుగుతోనా?" అమ్మమ్మ బిత్తరపోయింది.

గేటు బయట ప్రణీత, కావ్య అప్పటికే తడుస్తున్నారు. ముగ్గురూ ఒక్క గొడుగు కింద ఇరుక్కున్నారు. రోడ్డు చివరిదాకా వెళ్లారో లేదో, ఖాళీ ప్లాట్ల మీదుగా ఒక్కసారిగా గాలి విసిరికొట్టింది.

ఫట్!

గొడుగు తిరగబడింది. ఒక ఊచ వంగిపోయింది. గులాబీ కుచ్చు ఒకటి ఊడి కాలువలో కొట్టుకుపోయింది.

ముగ్గురూ నిలువుగుడ్లేసుకుని చూస్తుండిపోయారు. కావ్య రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యయ్యో అక్కా! నేనేం జేయలే. గాలికే గట్లయింది!"

సాయిప్రియ చెయ్యి కిందికి దించింది. గొడుగును చూసింది. తిరగబడిన గొడుగు గిన్నెలా ఉంది. అందులో వాన నీళ్లు చేరుతున్నాయి. చూస్తుండగానే అడుగు నిండింది.

భయపడుతున్న కావ్య వైపు చూసింది. నీళ్ల వైపు చూసింది. తర్వాత గొడుగును ప్రణీత నెత్తిమీద వంచేసింది.

"ఓయమ్మో! సల్లగ!" ప్రణీత గెంతింది. కావ్య కెవ్వుమని నవ్వింది. "నాకు! ఇప్పుడు నాకు!"

మూడో అంతస్తు బాల్కనీలో అమ్మ నోరు తెరిచి నిలబడింది. పక్కనే అమ్మమ్మ, చెంపన చెయ్యి పెట్టుకుని. "అది కొత్త గొడుగే!" అని పైనుంచి అరిచింది.

"అవునమ్మమ్మా, కొత్తదే!" కింద నుంచి సాయిప్రియ అంతకంటే గట్టిగా అరిచింది. అని, మళ్లీ నీళ్లు పట్టడానికి గొడుగును వానలోకి ఎత్తింది.