తడిసిన జాయింట్

ఆ రోజు పోయింది పైపులోని ఒత్తిడి. మధ్యాహ్నం దాకా బుద్ధిగా నిలబడ్డ గేజీ ముల్లు, వాన మొదలయ్యాక మెల్లగా కిందికి జారింది. దానితోపాటు ఒక మనిషి ముఖం కూడా.

ఆ మనిషి కనెక్టర్ కంపెనీ ఇంజనీరు. లోతైన సముద్రంలో వేసే పైపులను వెల్డింగ్ లేకుండా, బిగింపుతోనే కలిపే జాయింట్ అతనిది. ఎప్పుడూ మూతి బిగించుకుని తిరుగుతాడని టెస్ట్ యార్డులో అతనికి బిగింపు బాబు అని పేరు. ఆ పేరు పెట్టింది అక్కడి టెస్ట్ ఇంజనీరు అమ్మాయి. ఆమెను అతను గేజీ మేడం అంటాడు. దాంతో చెల్లుకు చెల్లు అని ఇద్దరూ అనుకునేవారు.

పరీక్ష చెప్పుకోవడానికి సులువే. జాయింట్ బిగించిన పైపును నీళ్ళతో నింపి, పంపుతో ఒత్తిడి పెంచి, వాల్వు మూసేస్తారు. సాయంత్రం దాకా ముల్లు దిగకూడదు. దిగిందంటే జాయింట్ కారుతున్నట్టే.

"ఫెయిల్," అంది ఆమె.

"ఒక్క చుక్క కారలేదండీ!" అతను పైపు కిందనుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. జుట్టులోంచి, ముక్కు మీంచి, మోచేతుల నుంచి నీళ్ళు.

"ఈ వానలో ఏ చుక్క ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? ప్రస్తుతానికి మీరే ఎక్కువ కారుతున్నారు."

ఫోర్‌మన్ నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. యార్డులో అందరికీ ఆయన బాబాయే.

"లోపల నీళ్ళు చల్లబడ్డాయేమో చూడండి. చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది కదా."

"అది చూడకుండానే చెప్తానా? థర్మామీటర్ కదల్లేదు."

అతను మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. "ఇది ఫెయిలైతే మావాళ్ళు ఈ డిజైన్‌ని అటకెక్కిస్తారు. నన్ను పాత ఆఫీసుకి పంపేస్తారు," అన్నాడు. తర్వాత, "ఒక్క సాయం చేస్తారా? రేపు పొద్దుటిదాకా ఒత్తిడి దించకండి."

"ఎందుకు?"

"ఊరికే."

"పోనీలేమ్మా," అన్నాడు బాబాయ్. "చుట్టూ గొలుసు కట్టేస్తాను. ఎవరూ దగ్గరికి రారు."

ఆమె సరేనంది. షెడ్డు కిటికీలోంచి చూస్తే, అతను చంకలో గొడుగు పెట్టుకునే తడుస్తూ వెళ్తున్నాడు. నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

మర్నాడు ఎండ ఫెళ్ళున కాసింది. ఒత్తిడి దించడానికి వెళ్ళి వాల్వు మీద చెయ్యి వేసిన ఆమె, అలాగే ఆగిపోయింది. ముల్లు మళ్ళీ పైకెక్కి ఉంది. పంపును ఎవరూ ముట్టుకోలేదు. కారిపోయిన నీళ్ళు తమంతట తాము వెనక్కి రావు.

ఆమె పైపు వెంట నడిచింది. థర్మామీటర్ షెడ్డు కప్పు కింద, పొడిగా ఉన్న చివర అతికించి ఉంది. వానకు పాడవుతుందని తనే అక్కడ పెట్టించింది. మిగతా పైపంతా ఆరుబయట తడిసింది. చల్లబడింది. ఇప్పుడు ఎండకు మళ్ళీ వేడెక్కింది. ఆ సంగతి థర్మామీటర్‌కు తెలియలేదు, తనకూ తెలియలేదు.

తిరిగొచ్చి వాల్వు చక్రం మీద మళ్ళీ చెయ్యి వేసింది. చుట్టూ ఎవరూ లేరు. చక్రం ఒక్కసారి తిప్పితే ముల్లు సున్నాకు పడుతుంది. నిన్న తను చెప్పిన ఫెయిల్ అన్న మాటే నిజమని మిగిలిపోతుంది.

ఆమె చక్రం మీంచి చెయ్యి తీసి ఫోన్ అందుకుంది.

"ఎక్కడున్నారు?"

"బస్టాండులో."

"దిగండి."

"ఇంకా ఎక్కలేదండీ."

"అయితే ఎక్కకండి!"

మేనేజరు ముందు, బాబాయ్ ముందు, సంచీతో వచ్చి నిలబడ్డ అతని ముందు ఆమె ఒక్కటే చెప్పింది. "తప్పు జాయింట్‌ది కాదండీ, నాది." మేనేజరు ముల్లును చాలాసేపు చూసి, మళ్ళీ పరీక్ష పెట్టమన్నాడు.

ఈసారి పైపు పొడుగునా థర్మామీటర్లు అతికించారు. బాబాయ్ టార్పాలిన్ కప్పి, "జ్వరం వచ్చినవాడికి కప్పినట్టుంది," అన్నాడు. సాయంత్రం దాకా ముల్లు చెక్కు చెదరలేదు.

"పాస్," అంది ఆమె.

బాబాయ్ టీ తెస్తానని వెళ్ళాడు. ఆ టీ ఎంతకీ రాలేదు.

"ముల్లు మళ్ళీ ఎక్కుతుందని తెలిసే ఒత్తిడి దించొద్దన్నారా?"

"లేదండీ. దించుతుంటే చూడలేననిపించింది. అంతే."

"ఆ ఒక్క మాట అడిగారు కాబట్టి నేను అబద్ధం చెప్పకుండా బతికిపోయాను. చాలా థాంక్స్."

"మీరు ఫోన్ చెయ్యకపోతే నేను ఈపాటికి సగం దారిలో ఉండేవాణ్ణి. థాంక్స్ నేను చెప్పాలి."

"చెయ్యకుండా ఉండేదాన్నేమో. కొంచెంసేపు ఆలోచించాను కూడా."

"ఎంతసేపు?"

"గొడుగు ఉండీ తడిసే మనిషి గుర్తొచ్చేదాకా."

అతని మూతి బిగింపు మొదటిసారి వదిలింది. నవ్వితే అతను ఇంత చిన్నవాడిలా ఉంటాడని ఆమె అనుకోలేదు.

"గేజీ మేడం, నేను ఇక్కడే ఉండిపోతే మీకేమైనా అభ్యంతరమా? యార్డులో కాదు, మీ..." అక్కడ ఆగిపోయాడు.

"వాక్యం పూర్తి చెయ్యండి."

"మీ పక్కన."

ఆమె టార్పాలిన్ అంచు సరిచేసింది. అది బాగానే ఉంది. "మా నాన్న పోయాక ఇంట్లో మంచి కబురు చెప్పుకుని చాలా రోజులైంది," అంది మెల్లగా. "అభ్యంతరం లేదు."

పైపును ఓడ మీంచి సముద్రంలోకి దించేటప్పుడు అది వంగుతుంది. ఆ వంపును జాయింట్ తట్టుకుంటుందో లేదో చూసే పరీక్ష ఇంకా చెయ్యలేదు. ఆమె వాళ్ళమ్మకు ఈ కబురు కూడా ఇంకా చెప్పలేదు.