బిగించని మూతలు

తెలంగాణ కోసం ఆర్టీసీ వాళ్లు చేస్తున్న సమ్మె ఇరవై రెండో రోజుకు చేరిన పొద్దున, చాయ్ పెట్టుకుందామని కొండల్ చక్కెర డబ్బా అందుకున్నాడు. చేయి తగిలిందో లేదో మూత జారి కిందపడి గుండ్రంగా తిరుగుతూ పొయ్యి గట్టు కిందికి పోయింది. డబ్బాలో చక్కెర కన్నా చీమలే ఎక్కువ కనిపించాయి.

"భూలక్ష్మీ! గీ మూత ఎందుకు బిగియ్యలే? చీమలకు చాయ్ పోద్దామనా?"

భూలక్ష్మి మంచం మీంచి లేవడానికి ముందు ఒక మోచేయి, తర్వాత రెండో మోచేయి ఆనించుకుంటోంది. కొండల్‌కి ఒళ్లు మండింది. వరసగా ఒక్కో డబ్బా చూశాడు. కందిపప్పు, చాయ్‌పత్తి, కారం, ఉప్పు, మజ్జిగ మిరపకాయలు. ఒక్కదానికీ మూత బిగించి లేదు. అన్నీ ఊరికే పైన పెట్టి ఉన్నాయి.

ఇరవై మూడేళ్లు కండక్టర్‌గా చేసిన మనిషి. పొద్దున నాలుగింటికి డిపోకి పోయి మధ్యాహ్నం దాటాక వచ్చి పడుకునేవాడు. తన వంటింట్లో డబ్బాలు ఎలా ఉంటాయో ఏనాడూ చూసింది లేదు. సమ్మె పుణ్యమా అని ఎల్బీనగర్‌లోని సొంత ఇంట్లో ఇరవై రెండు రోజులుగా కూర్చునేసరికి అన్నీ కంటపడటం మొదలైంది. మధ్యాహ్నం దాకా శిబిరంలో నినాదాలు, ఆ తర్వాత ఇంట్లో నినాదాలు. కూతురు వాణి మాట అది. డిగ్రీ చదువుతున్న ఆ పిల్ల కాలేజీ కూడా మూతపడి ఇంట్లోనే ఉంది.

కొండల్ పళ్లు బిగబట్టి ప్రతి డబ్బా మూతా గట్టిగా తిప్పి పెట్టాడు.

"చూసినవా? గింత పని. రెండు నిమిషాలు పట్టలే" అన్నాడు.

"మంచిది" అంది భూలక్ష్మి.

ఆ "మంచిది" అనడమే అతనికి నచ్చదు. రెండేళ్ల నుంచి ఆమె ఒళ్లంతా నొప్పులంటోంది. ఒకరోజు మెడ, ఒకరోజు నడుము, ఇంకోరోజు మోకాళ్లు, వేళ్లు. పండుకుని లేచినా అలసటే. ఎక్స్‌రేలు, రక్త పరీక్షలు, స్కానింగ్ అన్నీ అయ్యాయి. ఎవరు చూసినా నార్మల్ అన్నారు. "రిపోర్టులన్నీ మంచిగున్నయ్, నీకే మంచిగలేదు" అని కొండల్ నలుగురిలో నవ్విన రోజులూ ఉన్నాయి. చివరికి వాణి పట్టుబడితే బండి మీద దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోయాడు. అక్కడ డాక్టరమ్మ ఆమె ఒంటి మీద అక్కడక్కడా బొటనవేలితో నొక్కి చూసి ఫైబ్రోమయాల్జియా అంది, పరీక్షల్లో కనపడని ఒళ్లునొప్పుల జబ్బట. రోజుకొక గోలీ చొప్పున నెలకు ముప్పై రాసింది. పద్దెనిమిది రోజులైంది. గుణం మాత్రం కనపడలేదు.

"గా డాక్టరమ్మకు ఏం తెల్వదు" అని కొండల్ తేల్చేశాడు.

పై వాటాలో పట్టాభి కుటుంబం ఎనిమిదేళ్లుగా కిరాయికి ఉంటోంది. గుడివాడ వైపు వాళ్లు. పట్టాభి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లెక్కలు చెబుతాడు. సమ్మె మొదలైన మొదటి వారం నీళ్ల మోటారు దగ్గర నిలబడి, "పిల్లల పరీక్షలు ఏం కావాలండీ, మీ ఉద్యమం మీరు చేసుకోండి గానీ" అన్నాడు. "మా ఉద్యమం అంటున్నరు, మరి మా నీళ్లు ఎట్ల తాగుతున్నరు సార్?" అన్నాడు కొండల్. నోరు జారానని తర్వాత అతనికే అనిపించింది కానీ వెనక్కి తీసుకోలేదు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. మోటారు ఎప్పుడు వేయాలో కూడా వాణితో కబురు పంపుకుంటారు.

ఆడవాళ్లిద్దరికీ ఆ పట్టింపు లేదు. భూలక్ష్మి చింతచిగురు పప్పు చేస్తే గిన్నెడు పైకి వెళ్తుంది. పట్టాభి భార్య లలితకుమారి ఆ గిన్నె ఖాళీగా పంపదు. గోంగూర పచ్చడో, నాలుగు సున్నుండలో వేసి దింపుతుంది.

మర్నాడు పొద్దున్నే భూలక్ష్మి చాయ్‌పత్తి డబ్బా తీయబోయింది. మూత రాలేదు. కొంగు చుట్టి తిప్పింది. మోకాళ్ల మధ్య పెట్టుకుని తిప్పింది. వేళ్ల నుంచి మోచేతుల దాకా మంట పాకింది. కొండల్‌ని లేపితే "గింత చేతగాదా" అంటాడు. ఆ మాట పడే బదులు నొప్పే నయం అనుకుంది. ఏడుస్తూ తిప్పి, ఎట్లాగో తీసింది. తర్వాత చక్కెర డబ్బా. అదీ తీసింది.

గంట తర్వాత వాణి కేక పెట్టింది.

"డాడీ, అమ్మ చెయ్యి చూడు!"

భూలక్ష్మి గోడకు ఆనుకుని కింద కూర్చుని ఉంది. రెండు చేతులూ వణుకుతున్నాయి. జాకెట్టు చెమటతో తడిసిపోయింది. గుండె దడదడలాడుతోందని చేత్తో చూపించింది. కొండల్ వెంటనే డాక్టరమ్మకు ఫోన్ చేశాడు.

"నేనిచ్చిన క్యాప్సూల్ కాక ఇంకేమైనా వేసుకుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదమ్మా. గదొక్కటే."

"సరిగ్గా కనుక్కుని చెప్పండి. ఎక్కువ వేసుకుందేమో లెక్కచూడండి. నేను లైన్లోనే ఉంటాను."

లెక్క చూడమంటే కొండల్‌కి ఎవరూ నేర్పనక్కర్లేదు. ప్రతి స్టేజీ దగ్గరా టికెట్ల మొదటి నంబరూ ఆఖరి నంబరూ రాసుకున్న చేయి అది. దేవుడి పటం వెనక దాచిన గోలీల డబ్బా దింపాడు. ముప్పై తెచ్చారు. ఇవాళ్టితో పంతొమ్మిది పోవాలి. పదకొండు మిగలాలి. ఉన్నవి అయిదు.

"ఆరు తక్కువున్నయ్! ఆరు గోలీలు ఎక్కువ మింగినవా? సస్తవే!"

భూలక్ష్మి తల అడ్డంగా ఊపింది. "ఎక్కువ కాదు, తక్కువే మింగిన. దినం తప్పించి దినం. పదే మింగిన."

"మరి మిగిలినయ్ యాడికి పోయినయ్? రెక్కలొచ్చినయా?"

డబ్బా అడుగున ఇంకో పట్టీ కనిపించింది. కత్తిరించిన ముక్క. పేరున్న సగం మందుల షాపువాడి దగ్గరే ఉండిపోయింది. రెండు గోలీలు ఖాళీ అయి ఉన్నాయి.

"ఇదేంది? ఎవలిచ్చిన్రు?"

ఆమె కళ్లు పైకి చూశాయి.

తర్వాత ఒక్కో మాటే బయటికి వచ్చింది. లలితకుమారికీ రెండేళ్లుగా ఇవే నొప్పులు. ఈమె ఎక్కడెక్కడ చెబితే ఆమెకూ అక్కడే. భూలక్ష్మి డాక్టరమ్మ దగ్గర నుంచి వచ్చిన రోజే సగం క్యాప్సూళ్లు, పదిహేను, పప్పు గిన్నె కింద పెట్టి పైకి ఇచ్చింది. ఆ గిన్నె ఖాళీగా రాలేదు. ఎప్పుడో నడుము నొప్పికి ఒక ఎముకల డాక్టరు రాసిన గట్టి నొప్పి మాత్రలు లలితకుమారి అందులో పెట్టి పంపింది. పాల తోడుకు ఒకరికొకరు పెరుగు ఇచ్చుకున్నట్టే మందులూ ఇచ్చుకున్నారు. ఇన్నాళ్లూ భూలక్ష్మి ఆ రెండో మాత్రలు ముట్టుకోలేదు. ఇవాళ పొద్దున చేతుల మంట ఓర్చుకోలేక క్యాప్సూల్‌తో పాటు ఆ మాత్రలు రెండు కలిపి వేసేసుకుంది.

"చేతులకేమైంది ఇయ్యాల?" అని అరిచాడు కొండల్.

వాణి తండ్రి వైపు తిరిగింది. "నిన్న నువ్వు మూతలన్నీ బిగిచ్చినవ్ గదా డాడీ. అమ్మ ఎప్పుడు బిగియ్యదు. తియ్యరాదు కాబట్టే గట్ల పెడ్తది. నీకు తెల్వదా?"

ఫోన్లో డాక్టరమ్మ "హలో, హలో" అంటోంది. కొండల్ మూతల సంగతితో సహా జరిగింది చెప్పాడు. ఆమె గొంతు మారింది.

"ఎముకల డాక్టర్లు రాసే గట్టి నొప్పి మాత్రలు దీంతో కలవకూడదండీ. వెంటనే తీసుకురండి. ఇంకో మాట, పైన ఉన్నావిడ దగ్గర కూడా రెండు రకాలూ ఉన్నాయన్నమాట. ఆవిణ్ణీ తీసుకురండి."

ఆ రోజు ఆటోలు కూడా బంద్‌లో ఉన్నాయి. వణుకుతున్న మనిషిని బండి మీద కూర్చోబెడితే దారిలో పడిపోతుంది. కారు ఉన్నది పట్టాభికి. ఇరవై రోజులుగా చూడని మెట్లెక్కి కొండల్ తలుపు కొట్టాడు.

పట్టాభి తలుపు సగమే తెరిచాడు. కొండల్ ఆయాసపడుతూ విషయమంతా చెప్పాడు.

"భూలక్ష్మి గారిని తప్పకుండా తీసుకెళ్దామండీ, తాళాలు తెస్తాను. మా ఆవిడెందుకు? తనకేం లేదండీ. విజయవాడలోనూ చూపించాం, ఇక్కడా చూపించాం. రిపోర్టులన్నీ నార్మల్. ఊరికే ఆలోచనలు ఎక్కువ."

లోపల గడప దగ్గర లలితకుమారి నిలబడి ఉంది. ఆ మాటకు తల దించుకుంది. కొండల్ ఆమె మొహం చూశాడు. రెండేళ్లుగా తన ఇంట్లో రోజూ చూస్తూ చూడని మొహం అదే. పట్టాభి అన్నది అక్షరం పొల్లు పోకుండా తన మాటే. వేరే నోట వింటే ఇంత రోతగా ఉంటుందా అనిపించింది.

"సార్, ఒక్క మాట అడుగుత. కోపం చెయ్యకుండ్రి. మీ వంటింట్ల డబ్బాల మూతలు బిగిచ్చి ఉన్నయా, ఊకె పైన పెట్టి ఉన్నయా?"

"ఇదేం ప్రశ్నండీ ఇప్పుడు?"

"జర పోయి చూసి రాండ్రి. మీ కాళ్లు మొక్కుత."

పట్టాభి విసుక్కుంటూనే లోపలికి వెళ్లాడు. తర్వాత ఒక మూత కిందపడిన చప్పుడు, వెంటనే ఇంకోటి. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఆవకాయ సీసా మూత ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు పట్టుకున్నాడు.

"లలితా, ఒక్కటీ బిగించలేదేమే?"

"బిగిస్తే మళ్లీ తీయలేనండీ" అంది లలితకుమారి మెల్లగా. "మిమ్మల్ని పిలిస్తే విసుక్కుంటారని..."

అంతే, ఆమెకు ఏడుపు ఆగలేదు. పట్టాభి మూత కిందపెట్టి భార్య చెప్పులు తెచ్చి ఆమె కాళ్ల ముందు పెట్టాడు.

కారు మీద కృష్ణా జిల్లా నంబరు ఉంది. అందుకే ఆయన మూడు వారాలుగా దాన్ని గేటు దాటించలేదు. కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్లు కారు ఆపారు. వాళ్లలో కొండల్ డిపో వాళ్లూ ఉన్నారు.

"గీ బండి ఎవలది అన్నా?"

కొండల్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "మా ఇంటిది. ఎనక మా ఆడోళ్లకు బాగలేదు, దవాఖానకు పోతున్నం. జరుగుండ్రి."

జరిగారు. పట్టాభి గేరు మార్చేటప్పుడు గొంతు సవరించుకున్నాడు.

క్లినిక్‌లో భూలక్ష్మిని సాయంత్రం దాకా పడుకోబెట్టి చూసుకున్నారు. వణుకు మెల్లగా తగ్గింది. లలితకుమారి రెండూ ఒకేరోజు ఎప్పుడూ వేసుకోలేదట, అదృష్టం. డాక్టరమ్మ ఆడవాళ్లిద్దర్నీ బాగా కోప్పడింది.

"ఇది నొప్పి పుట్టినప్పుడు వేసుకునే మాత్ర కాదమ్మా. రోజూ వేసుకోవాలి, పనిచేయడానికి వారాలు పడుతుంది. మధ్యలో మీ అంతట మీరు మానకూడదు. ఒకరి మందు ఇంకొకరు వేసుకోకూడదు. సగం సగం పంచుకున్నారు కాబట్టి ఇద్దరికీ పనిచేయలేదు." లలితకుమారిని మళ్లీ మొదటి నుంచి పరీక్ష చేసి, ఆమె పేరు మీద వేరే చీటీ రాసింది.

కొండల్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "అమ్మా, రిపోర్టులల్ల ఏం కనపడదు గదా. మరి నిజంగనే అంత నొప్పి ఉంటదా?" అని అడిగేశాడు.

డాక్టరమ్మ అతని వంక చూసింది. "మూతలు చూశారుగా" అంది.

ఇంటికి వచ్చాక భూలక్ష్మి పడుకుంటే కొండల్ మంచం పక్కన కింద కూర్చున్నాడు.

"గోలీలు సగం ఎందుకిచ్చినవే? నీ నొప్పి తగ్గకపాయె."

"నీకు డాక్టరమ్మ చెప్తె సగమన్న నమ్మకం వచ్చింది. పైనామెకు గది గూడ లేదు. ఎవలు నమ్ముతలేరని పైన కూసోని ఏడుస్తుండె. ఇయ్యకుంట ఎట్ల ఉండాలె?" ఆమె అతని వైపు తిరిగింది. "రెండేండ్లు నోటితోని చెప్పిన. నువ్వు నా మాట నమ్మలే. మూత చూసి నమ్మినవ్."

కొండల్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె వేళ్లు పట్టుకోబోయి, నొప్పి పుడుతుందేమోనని ఆగిపోయాడు. ఆమే తన చేతిని అతని చేతిలో పెట్టింది.

"మెల్లగ పట్టుకో. ఏం గాదు" అంది.

మర్నాడు పొద్దున్నే లేచి కొండల్ ప్రతి డబ్బా మూతా వదులు చేశాడు. చక్కెర డబ్బాను ఒక పళ్లెంలో పెట్టి, చుట్టూ చీమలు దాటకుండా నీళ్లు పోశాడు. బెల్లం డబ్బాకూ అలాగే చేశాడు. చాయ్ మరుగుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడైంది. పట్టాభి రెండు పళ్లేలు పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"కొండల్ గారూ, మా వాటాలోనూ చీమలేనండీ. నీళ్లు ఎంత పోయాలి?"

"చూపిస్త సార్, లోపలికి రాండ్రి. ముందుగాల చాయ్ తాగుండ్రి."

లోపల మంచం మీద కూర్చున్న భూలక్ష్మి ఆ మాటలు విని కొంగుతో కళ్లు తుడుచుకుంది. తర్వాత దేవుడి పటం వెనకనుంచి డబ్బా తీసి, ఆ రోజు గోలీ వేసుకుంది.