నాలుగు కిలోల నీళ్లు

"సార్, బ్రేకు!" అని ఆమె అరిచింది.

నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. డ్రైవింగ్ నేర్పేవాడి ప్రాణాలన్నీ దాని మీదే. సరిగ్గా అప్పుడే నా కుడి పిక్క పట్టేసింది. కాలు కర్రలా బిగుసుకుపోయింది. "అమ్మా!" అనడం తప్ప ఏమీ చేయలేకపోయాను. ఎదురుగా చెత్తబండి.

ఆమే తొక్కింది. చెత్తబండికి మూరెడు దూరంలో ఆగాం.

ఆమె నర్సు. నెల రోజులుగా డ్యూటీ దిగి, ముఖం కడుక్కుని, నిద్ర కళ్లతో నేరుగా వచ్చి నా కారెక్కుతోంది. అప్పటికే నేను ఐదుగురికి నేర్పి సోలిపోయి ఉంటాను. ఎవరు ఎక్కువ ఆవలిస్తారా అని రోజూ మా ఇద్దరికీ పోటీ. ఆ ఆవలింతల మధ్యే ఎప్పుడో ఆమె మీద మనసు పడింది. సోమవారం ఆమెకు లైసెన్సు పరీక్ష. ఆ తరవాత నా కారుతో ఆమెకు పనుండదు.

ఆమె కారు పక్కకు తీసి, "కాలు చాపండి. వేళ్లు మీ వైపు లాక్కోండి" అంది. "ఎన్నాళ్ల నుంచి ఇలా?"

"నాలుగు రోజులు."

"ఏం తింటున్నారు?"

"గుడ్లు, ఆకుకూరలు. అన్నం, రొట్టె మానేసి వారమైంది. నాలుగు కిలోలు తగ్గాను" అన్నాను, కాస్త గొప్పగానే.

"అందులో చాలా వరకు నీళ్లే సార్. అన్నం మానేస్తే ముందు ఒంట్లో నీళ్లు పోతాయి, వాటితో ఉప్పూ పోతుంది. అందుకే పిక్కలు పట్టేస్తున్నాయి. మరి నీళ్లు బాగా తాగుతున్నారా?"

"తాగితే మళ్లీ బరువు పెరుగుతానని..."

ఆమె స్టీరింగ్ మీద తల వాల్చేసింది. "బుద్ధుందా అసలు?"

నెల రోజుల్లో ఆమె నన్ను తిట్టడం అదే మొదలు. నాకు బాగానే అనిపించింది.

బీపీ మాత్రలేమైనా వేసుకుంటున్నానా అని అడిగింది. లేదన్నాను. బ్యాగులోంచి ఓఆర్‌ఎస్ పొడి తీసి నీళ్ల సీసాలో కలిపింది.

"ఇందులో చక్కెర ఉంటుందేమో?"

"ఉంటుంది. తాగండి. రేపు మా ఆసుపత్రిలో డాక్టరు దగ్గరికి వచ్చి రక్తపరీక్ష చేయించుకోండి." నేను తాగేదాకా చూసింది. "ఇంత తొందరగా తగ్గాల్సిన అవసరం ఏమొచ్చింది?"

అబద్ధం చెప్పడానికి కూడా ఓపిక కావాలి. అది నాకు లేదు.

"పది కిలోలు తగ్గి, సోమవారం లోపు మీకో మాట చెబుదామనుకున్నాను."

ఆమె నా చేతిలోని ఖాళీ సీసా తీసుకుని మూత బిగించింది.

"తగ్గినవి నీళ్లే కాబట్టి, ఆ పది కిలోలూ అలాగే ఉన్నట్టు" అంది. "అవన్నీ తగ్గేదాకా ఆగడం నా వల్ల కాదు. ఇప్పుడే చెప్పేయండి."

చెప్పేశాను. తడబడుతూనే మొత్తం చెప్పేశాను. చూస్తే ఆమె సీటుకు చేరగిలబడి కళ్లు మూసుకుని ఉంది.

"నిద్రపోయారా?" అన్నాను, ప్రాణం ఉసూరుమంటుంటే.

"లేదు" అంది కళ్లు తెరవకుండానే. "ఇంకోసారి చెప్పండి."